బొగ్గు తిని బతికే తారలు

ఆమె పుట్టింది 1887లో. ఊరు ఇంగ్లండులోని మాంచెస్టర్. 72 ఏళ్ళపాటు బండెడు చాకిరీ చేసి 1959లో రిటైరయింది. ఇక తుక్కు వ్యాపారి చేతిలో పడటమే తరువాయి అనుకుంటున్న సమయంలో ఓ అభిమాని సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. 83వ ఏట మొదటిసారి కెమెరా ముందుకు వచ్చింది. ఒళ్ళంతా పచ్చరంగు పూయించుకుని 'గ్రీన్ డ్రాగన్' అనే పాత్రలో కనిపించింది. సినిమా హిట్టయింది. పిల్లలు, పెద్దలు అందరూ ఆమె ప్రేమలో పడ్డారు.

ఇంతకీ ఎవరీ నటీమణి అని పాత సినిమాల తారాగణం జాబితాలు తిరగేయకండి. ఆమెకు పేరు లేదు, నంబరే ఉంది. 52044. అంతకుముందు 957. ఆమె ఒక రైలింజను! బొగ్గు తిని, నీళ్ళు తాగి, ఆవిరి కక్కుతూ పరిగెత్తే అచ్చమైన పొగబండి ఇంజను.

ఇలాంటి 'తారలు' ఇంగ్లండులో ఒకరిద్దరు కాదు, వందల్లో ఉన్నారు. ఏడాదికి కొన్నిసార్లు ఒక్కో లైను మీద వాటిని వరసగా బారు తీర్చి పరుగెత్తిస్తారు. ఆ పండగను అక్కడ 'గాలా' అంటారు. మన భాషలో చెప్పాలంటే ఆవిరి ఇంజన్ల తిరునాళ్ళు! సినిమా వారపత్రికలో రైలింజన్ల గోల ఏమిటని ముఖం చిట్లించకండి. ఈ ఇంజన్ల కథకీ సినిమా కథకీ ఉన్న చుట్టరికం చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.

ఎర్రగుడ్డ ఊపిన అమ్మాయి

1970లో లయనెల్ జెఫ్రీస్ అనే నటుడు మొదటిసారి మెగాఫోను పట్టి 'ది రైల్వే చిల్డ్రన్' అనే చిత్రం తీశాడు. ఇ. నెస్బిట్ అనే రచయిత్రి 1906లో రాసిన నవల ఇది. ఆ పుస్తకాన్ని జెఫ్రీస్ చేతికిచ్చింది ఆయన కూతురేనట.

కథ చాలా చిన్నది. లండన్‌లో దర్జాగా బతుకుతున్న కుటుంబం. ఓ రాత్రి ఎవరో వచ్చి తండ్రిని తీసుకుపోతారు. గూఢచారి అనే నేరం మోపి జైల్లో పెడతారు. ఆ సంగతి పిల్లలకు తెలియదు. తల్లి ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని యార్క్‌షైర్‌లో ఓ పల్లెటూరికి చేరుతుంది. ఊరి పక్కనే రైలు కట్ట. పిల్లలకు ఆ రైలే లోకం. రోజూ కంచె మీద కూర్చుని వచ్చే పోయే రైలుకు చేతులూపుతారు. ఒకనాడు కొండచరియ విరిగి పట్టాల మీద పడుతుంది. అవతలినుంచి రైలు వచ్చేస్తోంది! అక్కాచెల్లెళ్ళు తమ ఎర్ర లోపావడాలు చింపి జెండాలు చేసి ఊపుతారు. పట్టాల మధ్య నిలబడి ఊపుతున్న పెద్దమ్మాయికి ఇంజను అడుగుల దూరంలోకి వచ్చి ఆగుతుంది. ఆ పిల్ల స్పృహ తప్పి పడిపోతుంది.

ఇక చివరి సన్నివేశం. స్టేషనులో రైలు ఆగుతుంది. ప్లాట్‌ఫారమంతా తెల్లటి ఆవిరి. అది నెమ్మదిగా విచ్చుకుంటూంటే అందులోంచి ఓ మనిషి ఆకారం. నిర్దోషిగా విడుదలై వచ్చిన తండ్రి! కూతురు పరుగు. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ దృశ్యం వస్తే ఇంగ్లీషువాళ్ళు చేతిరుమాళ్ళు తీస్తారు. ఆలోచించండి... ఆ ఆవిరి తెర లేకపోతే ఆ సీను అంత పండేదా? డీజిలు ఇంజను పక్కన ఆ తండ్రిని దింపితే మామూలు ప్రయాణికుడిలాగే ఉండేవాడు. ఆవిరి అక్కడ నటించింది!

పెద్దమ్మాయి బాబీగా వేసింది జెన్నీ అగటర్. షూటింగ్ నాటికి ఆమెకు 17 ఏళ్ళు. 1968లో బి.బి.సి. ఇదే కథను టెలివిజన్ సీరియల్‌గా తీసినప్పుడూ బాబీ ఆమే. చిన్న చెల్లెలుగా వేసిన సాలీ థామ్‌సెట్‌కు ఎంత వయసో తెలుసా? 20! అంటే అక్క కంటే చెల్లెలే మూడేళ్ళు పెద్ద! ఈ రహస్యం బయట పొక్కకూడదని షూటింగ్ రోజుల్లో ఆమెకు ఆంక్షలు పెట్టారట. స్టేషను పోర్టరు పెర్క్స్‌గా బెర్నార్డ్ క్రిబిన్స్ నవ్వించి ఏడిపించాడు. 2022లో దీనికి కొనసాగింపుగా 'ది రైల్వే చిల్డ్రన్ రిటర్న్' వచ్చింది. అందులో జెన్నీ అగటర్ బామ్మగా మారిన బాబీ. నటి నెరిసింది గానీ స్టేషను మాత్రం అలాగే ఉంది.

ఆ స్టేషను పేరు ఓక్‌వర్త్. ఆ లైను పేరు కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వే.

అభిమాని వేయించిన రైలు, అభిమానులు కొన్న రైలు

ఈ లైను పుట్టుకే ఒక సినిమా కథ. యార్క్‌షైర్‌లో హావర్త్ అనే కొండ ఊరుంది. 'జేన్ ఎయిర్' రాసిన షార్లెట్ బ్రాంటీ, ఆమె అక్కచెల్లెళ్ళు పెరిగింది అక్కడే. 1861లో జాన్ మెక్‌లాండ్స్‌బరో అనే ఇంజనీరు ఆ మహా రచయిత్రికి నివాళి ఇద్దామని హావర్త్ వెళ్ళాడు. తీరా చూస్తే ఆ ఊరికి రైలే లేదు! 'ఇంత గొప్ప ఊరికి రైలు లేకపోవడమేమిటి' అని ఆయనే పూనుకున్నాడు. చుట్టుపక్కల మిల్లు యజమానులు డబ్బు పెట్టారు. ఆ ఇంజనీరు గీసిన ప్లాన్లను ఓ ఆవు నమిలేసిందని, అందుకే పని ఆలస్యమైందని ఆ ప్రాంతంలో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. మొత్తానికి 1867లో రైలు నడిచింది. కీత్లీ నుంచి ఆక్సెన్‌హోప్ దాకా 5 మైళ్ళు.

దాదాపు వందేళ్ళు నడిచాక 1961 చివర్లో ప్రభుత్వ రైల్వే వాళ్ళు ప్రయాణికుల బండి ఆపేశారు. మరుసటి ఏడాది గూడ్సు కూడా బందు. ఇక పట్టాలు పీకి అమ్మేయడమే మిగిలింది. అప్పుడు ఊరివాళ్ళు, రైలంటే పిచ్చి ఉన్నవాళ్ళు కలిసి 1962లో సంఘం పెట్టారు. 'మీరు నడపలేకపోతే మాకు అమ్మండి, మేం నడుపుకుంటాం' అన్నారు! వాయిదాల పద్ధతి మీద లైనును కొన్నారు. 1968 జూన్ 29న వాళ్ళ మొదటి రైలు కదిలింది. ఆ తరవాత ఆరు వారాలకే, 1968 ఆగస్టు 11న, బ్రిటిష్ రైల్వే తన మెయిన్ లైన్లలో ఆవిరి ఇంజన్లకు శాశ్వతంగా స్వస్తి చెప్పింది. ఒకచోట దీపం కొండెక్కుతూంటే ఇంకోచోట వత్తి వెలిగింది.

ఊరివాళ్ళే రైలు నడపడం అనే ఆలోచన కూడా వెండితెర మీద ముందే కనిపించింది. 1951లో వేల్స్‌లో టాలిలిన్ అనే బుల్లి రైలును అభిమానులు చేతికి తీసుకున్నారు. ప్రపంచంలో ఇలా కాపాడిన మొట్టమొదటి రైల్వే అదే. ఆ కథ ప్రేరణతో 1953లో ఈలింగ్ స్టూడియో 'ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్' అనే హాస్య చిత్రం తీసింది. అందులో కథానాయిక 1838లో తయారైన 'లయన్' అనే నిజం ఇంజను. లివర్‌పూల్ రేవులో నీళ్ళు తోడే పంపును తిప్పుతూ మరుగున పడిపోయిన దాన్ని అభిమానులు పట్టుకొచ్చి బతికించారు. జీవితం సినిమాను నడిపిందా, సినిమా జీవితాన్ని నడిపిందా అంటే చెప్పడం కష్టం!

కీత్లీ లైను విషయంలో మాత్రం జవాబు సులువు. 'ది రైల్వే చిల్డ్రన్' విడుదలయ్యాక జనం తండోపతండాలుగా ఆ చిన్న లైనుకు వచ్చారు. తెరిచి రెండేళ్ళు గడిచీ గడవని, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళ మీద ఆధారపడిన రైలుకు ఆ టిక్కెట్ల డబ్బు ఊపిరి పోసింది. ఆ తరవాత సినిమా వాళ్ళు ఈ లైను వదల్లేదు. 1979లో రిచర్డ్ గేర్ నటించిన 'యాంక్స్', 1982లో 'పింక్ ఫ్లాయిడ్: ది వాల్', ఇటీవల 'పీకీ బ్లైండర్స్' టెలివిజన్ సీరియల్... అన్నిటికీ ఇక్కడే రైలు చప్పుడు.

మొదటి రోజు మొదటి ఆట!

ఆ మధ్య ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఈ తిరునాళ్ళు చూసే అవకాశం నాకు దొరికింది. మా పిన్ని కొడుకు లీడ్స్‌లో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. "అన్నయ్యా, అందరూ లండన్ చూస్తామంటారు. నువ్వేమిటి బొగ్గుబండ్లు చూస్తానంటావు?" అని నవ్వాడు. "లండన్ ఎక్కడికీ పోదురా. ఇవి పోతాయి. పద!" అన్నాను.

లీడ్స్ నుంచి కీత్లీకి కరెంటు రైల్లో అరగంట. ఈ ఊరి పేరు ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. స్పెల్లింగు చూసి ఎవరూ 'కీత్లీ' అనలేరు. అసలు తమాషా ఏమిటంటే కొత్త కాలం, పాత కాలం రెండూ ఒకే స్టేషనులో ఉన్నాయి. కరెంటు రైలు దిగి నాలుగడుగులు వేస్తే మూడు, నాలుగు ప్లాట్‌ఫారాలు. అక్కడినుంచి లోకమే మారిపోతుంది. చెక్క బల్లలు, పాత కాలపు ప్రకటన పలకలు, బిళ్ళ టోపీ పెట్టుకున్న స్టేషను మాస్టరు. ఆర్టు డైరెక్టరు ఎవరని అడగబుద్ధయింది!

మామూలు రోజుల్లో ఒకటి రెండు ఇంజన్లతో బళ్ళు నడుస్తాయి. గాలా రోజున షెడ్డులో ఉన్న ప్రతి ఇంజనుకూ డ్యూటీయే. అవి చాలక వేరే లైన్ల నుంచి అతిథి ఇంజన్లను పెద్ద లారీల మీద తెప్పిస్తారు. టైంటేబులు కిక్కిరిసి ఉంటుంది. ఒక బండికి ముందు రెండేసి ఇంజన్లు కడతారు. మధ్యలో పాత గూడ్సు పెట్టెలతో ఓ బండి కూడా నడుపుతారు. దాన్ని చూడటానికి వచ్చేవాళ్ళే వేరు.

మల్టీస్టారర్ చిత్రానికి మొదటి రోజు మొదటి ఆట చూశారా? సరిగ్గా ఆ వాతావరణం! చేతిలో చిన్న పుస్తకం పట్టుకుని ఇంజను నంబర్లు రాసుకునే పెద్దమనుషులు. మెడలో మూడేసి కెమెరాలు. కొందరైతే కళ్ళు మూసుకుని మైకు ముందుకు చాచి నిలబడ్డారు. ఇంజను చప్పుడు రికార్డు చేస్తున్నారట! తాతగారి భుజమెక్కిన ఓ మనవడు ప్రతి ఇంజను పేరూ గడగడా చెబుతున్నాడు. మన ఊళ్ళో పిల్లలు హీరోల సినిమాల లిస్టు చెప్పినట్లు.

మా బండికి కట్టిన ఇంజను నంబరు 41241. ముదురు ఎరుపు రంగు, చిన్న చక్కని విగ్రహం. 1949లో తయారైంది. 1968లో ఈ లైను తిరిగి తెరిచిన నాడు మొదటి రైలును లాగిన జంటలో ఇదొకటి. పూర్తి మరమ్మతు తరవాత 2018లో, స్వర్ణోత్సవ సంవత్సరంలో, మళ్ళీ పట్టాలెక్కింది. ఇంతకన్నా సీనియర్ నటి ఈ లైనులో ఎవరుంటారు!

గార్డు పచ్చజెండా ఊపాడు. కూత. కీత్లీ దాటీ దాటగానే వంపు, వంపుతోబాటే నిటారైన ఎక్కుడు. ఇంజను ఒక్కసారిగా గొంతు మార్చింది. ఛక్... ఛక్... ఛక్... ఛక్. పెట్టెలోని వాళ్ళంతా మాటలాపేశారు. మా తమ్ముడు కూడా ఫోను జేబులో పెట్టేసి కిటికీలోంచి తల బయట పెట్టబోయాడు. "తల పెట్టకు, కంట్లో బొగ్గు రవ్వ పడుతుంది" అన్నాను. పక్కనే కూర్చున్న పెద్దావిడ మా మాటలు అర్థం కాకపోయినా సంగతి గ్రహించి నవ్వింది. బొగ్గు రవ్వ భాష అందరికీ ఒక్కటే!

ఇన్‌గ్రో స్టేషనులో రాతి భవనం చూసి, వందేళ్ళ నుంచి ఇక్కడే ఉందనుకుంటాం. కాదు! ఫౌల్‌రిడ్జ్ అనే ఊళ్ళో మూతపడిన స్టేషనును రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు. అక్కడే పాత రైలు పెట్టెల మ్యూజియం ఉంది. ఆ పెట్టెలు సినిమాలకు అద్దెకు వెళ్ళి వచ్చిన ఆర్టిస్టులే. తరవాత డామెమ్స్. బుల్లి స్టేషను, ఒకే పెట్టె పట్టేంత ప్లాట్‌ఫారం. ఆపైన ఓక్‌వర్త్. అక్కడ దీపాలు నేటికీ గ్యాసువే. జనం దిగి ప్లాట్‌ఫారం మీద ఒకే చోట నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. ఏ చోటో చెప్పక్కర్లేదు కదా. తండ్రి దిగిన చోటు!

పొగగొట్టంలో తాళం

చివరి స్టేషను ఆక్సెన్‌హోప్‌లో ఇంజను బండిని విడిచి అవతలి కొసకు వెళ్ళాలి. ఆ విరామంలో డ్రైవరు గదిలోకి తొంగి చూడనిచ్చారు. గది అంటే అగ్గిగుండం వాకిలి అనుకోండి. ఎదురుగా పొయ్యి తలుపు, దానిపైన గొట్టాలు, చక్రాలు, గాజు గొట్టంలో ఊగుతున్న నీటి మట్టం. ఫైర్‌మన్ ముఖమంతా మసి. వారమంతా ఆఫీసు కుర్చీలో పనిచేసే మనిషట. ఆదివారం వస్తే పార పట్టుకుంటాడు. జీతం? ఒక్క పెన్నీ కూడా లేదు!

ఆయన చెప్పిన పద్ధతి వింటే ఈ యంత్రం మీద గౌరవం పెరిగింది. పొయ్యిలో పుట్టిన వేడి, బాయిలరులోని ఎన్నో గొట్టాల గుండా దూరిపోతూ చుట్టూ ఉన్న నీళ్ళను మరిగిస్తుంది. ఆవిరి సిలిండర్లలోకి వెళ్ళి పిస్టన్లను తోస్తుంది, చక్రాలు తిరుగుతాయి. పని అయిపోయిన ఆవిరి ఊరికే పోదు. పొగగొట్టంలోంచి ఎగదన్నుతూ వెనకనున్న పొయ్యి గాలిని లాగుతుంది. నిప్పు రాజుకుంటుంది. అంటే ఇంజను ఎంత కష్టపడితే నిప్పు అంత మండుతుంది. తన ఊపిరి తానే ఊదుకుంటుంది! మనకు వినిపించే 'ఛక్ ఛక్' ఆ ఊపిరే. రెండు సిలిండర్ల ఇంజనుకు చక్రం ఒకసారి తిరిగితే నాలుగు దెబ్బలు. ఆ తాళం విని, ఇంజను ఆరోగ్యం చెప్పగల వైద్యులున్నారు.

ఫైర్‌మన్ పని బొగ్గు విసరడమే అనుకుంటే పొరపాటు. పొయ్యిలో ఏ మూల ఎంత పడాలో లెక్క. ముందు ఎక్కుడుందా, స్టేషనుందా తెలిసుండాలి. ఎక్కుడు వచ్చాక వేస్తే ఆలస్యం, ముందే వేయాలి. అన్నిటికంటే ముఖ్యం నీరు. పొయ్యి నడినెత్తి మీద ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండాలి. అది ఎండితే కొంప మునిగినట్లే. అందుకే అతని ఒక కన్ను నిప్పు మీద, ఇంకో కన్ను గాజు గొట్టం మీద.

ఉదయం బండికి తెల్లవారకముందే షెడ్డుకు రావాలి. నిన్నటి బూడిద ఎత్తి, నిప్పు రాజేసి, కీలు కీలుకూ నూనె పోసి, ఇత్తడి తుడిచి, గంటల తరబడి ఎదురు చూస్తే గానీ ఆవిరి కూడదు. తారలకు మేకప్పుకు రెండు గంటలు పడుతుందని మనం విసుక్కుంటాం!

ఇక్కడ ఎవరూ నేరుగా డ్రైవరు కాలేరు. ముందు ఇంజను తుడిచే కుర్రాడు. పరీక్షలు ప్యాసయితే ఫైర్‌మన్. ఏళ్ళు గడిచాక డ్రైవరు. మన సినిమా రంగంలో క్లాపు కొట్టే కుర్రాడు అసిస్టెంటై, అసోసియేటై, కో-డైరెక్టరై, ఎప్పటికో డైరెక్టరయినట్లు. ఆ విద్య పుస్తకంలో రాదు. పక్కన నిలబడి, తిట్లు తిని నేర్చుకోవాలి.

తుక్కు దొడ్డి నుంచి వెండితెరకు

ఇన్ని ఇంజన్లు ఎలా మిగిలాయి? దీని వెనక ఒక తుక్కు వ్యాపారి ఉన్నాడు. పేరు డై వుడ్‌హమ్. వేల్స్‌లో బారీ అనే రేవు ఊళ్ళో ఆయన దొడ్డి. బ్రిటిష్ రైల్వే అమ్మేసిన ఇంజన్లలో 297 ఆ దొడ్డికి చేరాయి. మిగతా వ్యాపారులు కొన్న రోజునే ముక్కలు కోశారు. ఈయనకు పాత గూడ్సు పెట్టెలు కోయడమే చేతినిండా పని. 'ఇంజన్ల సంగతి తరవాత చూద్దాం' అని పక్కన పెట్టాడు. ఆ 'తరవాత' ఏళ్ళ తరబడి రాలేదు! సముద్రపు గాలికి తుప్పు పడుతూ నిలబడ్డ వాటిని అభిమానులు చందాలు పోగేసి ఒక్కొక్కటే విడిపించుకున్నారు. అలా 213 ఇంజన్లు బయటపడ్డాయి. వాటిలో మొట్టమొదట విడుదలైనది 43924. 1968 సెప్టెంబరులో అది చేరిన ఇల్లు ఏదనుకున్నారు? ఈ కీత్లీ లైనే!

అదే దొడ్డిలో తుప్పు పట్టిన ఇంకో ఇంజనును మీరంతా చూశారు. నంబరు 5972, పేరు 'ఓల్టన్ హాల్'. 1937లో పుట్టి, 1963లో రిటైరై, బారీ చేరి, 1981లో అభిమానుల చేత బయటపడింది. దానికి ఎర్ర రంగు వేసి, 2001లో తెర మీదకు తెచ్చారు. అదే హ్యారీ పోటర్ చిత్రాల 'హాగ్వార్ట్స్ ఎక్స్‌ప్రెస్'! మొదటి చిత్రంలో హాగ్స్‌మీడ్ స్టేషనుగా కనిపించినది కూడా యార్క్‌షైర్‌లోని ఇంకో అభిమానుల రైల్వే స్టేషనే, గోత్‌లాండ్.

ఇప్పుడా ఇంజను ఎక్కడుంది? 2015 నుంచి లండన్ దగ్గర వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో ప్రదర్శనకు నిలబెట్టి ఉంది. లక్షల మంది వచ్చి దాని పక్కన ఫోటో దిగుతున్నారు. నిగనిగలాడుతోంది, కానీ పొయ్యిలో నిప్పు లేదు. ప్రపంచంలో అందరికంటే పేరు తెచ్చుకున్న ఇంజను నేడు కదలని బొమ్మ. పేరు లేని 41241 మాత్రం కొండెక్కుతోంది. ఇద్దరిలో ఎవరు అదృష్టవంతులో మీరే చెప్పండి!

పదేళ్ళ కాల్షీటు

నడిపితేనే బతికినట్లని అనడం సులువు. నడిపితే అరుగుతుందనేది కూడా నిజమే. ఇంగ్లండులో ఈ ఇంజన్ల బాయిలరుకు మామూలుగా పదేళ్ళ సర్టిఫికెట్టు ఇస్తారు. పదేళ్ళు పూర్తయిందా, ఎంత బాగా నడుస్తున్నా సరే నిప్పు ఆర్పేయవలసిందే. ముక్క ముక్క విప్పి, గొట్టాలు మార్చి, పగుళ్ళు పూడ్చి, మళ్ళీ పరీక్షలు. ఖర్చు లక్షల పౌన్లు. డబ్బు పోగయ్యేదాకా ఏళ్ళ తరబడి షెడ్డు మూల నిరీక్షణ. అందుకే గాలాలో కొందరి కళ్ళు చెమరుస్తాయి. ఫలానా ఇంజనుకు ఇదే ఆఖరి గాలా అని వాళ్ళకు తెలుసు. మళ్ళీ అది కూసే నాటికి తాము ఉంటామో లేదో!

ప్రతి పదేళ్ళకూ భాగాలు మారుస్తూ పోతే చివరికి పాత ఇంజనులో పాతదనం ఎంత మిగులుతుంది? ఇది న్యాయమైన ప్రశ్నే. దగ్గర్లోనే యార్క్ నగరంలో జాతీయ రైల్వే మ్యూజియం ఉంది. అక్కడ నిలబెట్టినవి పుట్టినప్పటి లోహంతో భద్రంగా ఉంటాయి. రెండూ కావాలి. కానీ లోహాన్ని దాచవచ్చు, పనితనాన్ని దాచలేం. పార ఎలా పట్టాలో, చప్పుడు విని జబ్బు ఎలా కనిపెట్టాలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయగలమా? అది మనిషి చేతి నుంచి మనిషి చేతికి అందాల్సిందే. ఒక తరం అందుకోకపోతే ఇంజన్లు ఉంటాయి, నడిపేవాళ్ళుండరు.

ఇంకో చిక్కు బొగ్గు. యార్క్‌షైర్ అంటేనే బొగ్గు గనులు. ఇంగ్లండును కదిలించిన నేల అది. అటువంటి యార్క్‌షైర్‌లోనే 2015 డిసెంబరులో కెల్లింగ్లీ గని మూతపడింది. బ్రిటన్‌లో చివరి లోతు గని అదే. వేల్స్‌లో ఈ ఇంజన్లకు బొగ్గు ఇచ్చిన ఫోస్-ఇ-ఫ్రాన్ గని 2023లో ఆగిపోయింది. 2024 సెప్టెంబరు 30న దేశంలోని చివరి బొగ్గు విద్యుత్కేంద్రం కూడా మూసేశారు. గాలి బాగుపడుతుంది, సంతోషమే. ఈ ఇంజన్లు తినే బొగ్గు దేశం మొత్తం లెక్కలో చిటికెడు. కానీ ఆ చిటికెడు ఇప్పుడు ఓడల మీద రావాలి. ధర మండిపోతోంది. బొగ్గు పొడిలో వేరే పదార్థాలు కలిపి ముద్దలు చేసి కాల్చి చూస్తున్నారు. పథ్యం తిండి అన్నమాట! వృద్ధ తారలకు అదైనా పడుతుందేమో చూడాలి.

మన అంతిమ్ సితారా

ఈ కథలో మనకూ పాలుంది. కీత్లీకి అరగంట దూరంలో ఉన్న అదే లీడ్స్‌లో 1855లో ఓ ఇంజను తయారై కలకత్తాకు ఓడెక్కింది. దాని పేరు 'ఫెయిరీ క్వీన్'. 1909లో రిటైరయింది. 1997లో మళ్ళీ నిప్పు రాజేసి ఢిల్లీ నుంచి ఆల్వార్‌కు నడిపారు. 1998లో ప్రపంచంలోకెల్లా పాత, నడిచే ఇంజనుగా గిన్నిస్ పుస్తకానికెక్కింది.

'ది రైల్వే చిల్డ్రన్' వచ్చిన ఆ 1970లోనే మన చిత్తరంజన్ కర్మాగారంలో చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను తయారైంది. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? 'అంతిమ్ సితారా'. చివరి తార! 1995లో బ్రాడ్‌గేజి మీద ఆవిరి బళ్ళు ఆగిపోయాయి. హర్యానాలోని రేవాడీ షెడ్డులో మాత్రం కొన్ని ఇంజన్లను నిప్పుతో ఉంచారు. 'భాగ్ మిల్ఖా భాగ్' వంటి చిత్రాల్లో మనం చూసిన పొగ వాటిదే. డార్జిలింగ్‌లోనూ, నీలగిరిలోనూ ఆవిరి ఇంకా బతికే ఉంది. యునెస్కో ఆ లైన్లను 1999లో ఒకదాన్నీ, 2005లో ఒకదాన్నీ ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

నీలగిరి అంటే మన ప్రేక్షకులకు కొత్తా? 1982లో బాలు మహేంద్ర తీసిన 'వసంత కోకిల' చివరి సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. అతన్ని మరిచిన శ్రీదేవి రైలు పెట్టెలో, ఆమెకు తనను గుర్తు చేయడానికి గంతులు వేస్తూ, పడుతూ లేస్తూ కమల్ హాసన్ ప్లాట్‌ఫారం మీద. ఆ స్టేషను నీలగిరి లైనులోని కేతి. ఓక్‌వర్త్‌లో రైలు ఒక తండ్రిని తెచ్చి ఇచ్చింది. కేతిలో రైలు ఒక ప్రేయసిని తీసుకుపోయింది. ఓక్‌వర్త్‌కు జనం యాత్రలా వెళుతున్నారు. కేతి ప్లాట్‌ఫారం మీద నిలబడి 'ఇదే చోటు' అని మనలో ఎందరు తలచుకున్నాం?

మన ఊళ్ళలో చాలా స్టేషన్ల ముందు, రైల్వే ఆఫీసుల ముందు ఓ పాత ఇంజను దిమ్మె మీద నిలబడి ఉంటుంది. ఏడాదికోసారి రంగు వేస్తారు, పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతారు. అలా కోసేయకుండా నిలబెట్టినందుకు సంతోషించాలి. కానీ దాని పొయ్యిలో ఆఖరిసారి బొగ్గు వేసిన ఫైర్‌మన్, దాన్ని నడిపిన డ్రైవరు ఆ ఊళ్ళోనే ఏ వీధిలోనో మనవల్ని ఆడిస్తూ ఉండి ఉంటారు. వాళ్ళకు ఇప్పుడు ఎనభై ఏళ్ళో, ఇంకా పైనో. దిమ్మె మీది ఇనుము ఇంకో వందేళ్ళయినా ఉంటుంది. ఆ తాతగార్ల చేతిలోని విద్య ఉండదు.

కాబట్టి పాఠకులకు ఓ మనవి. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి పెద్దాయన ఉంటే ఈ ఆదివారం సినిమాకు వెళ్ళే ముందు ఓ అరగంట ఆయన దగ్గర కూర్చోండి. ఎక్కుడు రాకముందే బొగ్గు ఎందుకు వేయాలో అడగండి. చూడండి, ఆయన కళ్ళలో నిప్పు ఎలా రాజుకుంటుందో!